అంటు: మొక్కలలోను మనలోను

(విజ్ఞాన ప్రసంగ పాఠము)

తెలుగుభాషలో "అంటు" అను చిన్న మాటకు రెండు బ్రతుకులు కలవు. తోటలో అది శుభము. బంగినపల్లి అంటు తెచ్చి పెరటిలో నాటితిమన్నచో, నాలుగైదేండ్లలో ఇంటి పండు తినగలమను ఆశ అందులో ఉన్నది. గడప దాటి లోపలికి వచ్చినంతనే అదే మాట కీడుగా మారును. అంటు, ముట్టు, మైల అని వరుసగా చెప్పి, తాకరాని వస్తువులను, తాకరాని దినములను లెక్కపెట్టుకొంటిమి. అంతటితో ఆగక, తాకరాని మనుష్యులు కలరని చెప్పి వారిని ఊరి వెలుపల నిలిపితిమి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది. ఐనను ఆ మాట వెనుక నున్న భయము, అనగా ఇతరుల స్పర్శచే మన వంశము చెడునను భయము, పెండ్లి మాటల వేళ ఇప్పటికిని పలు ఇండ్లలో తల ఎత్తుచునే యున్నది.

తాకుటచే బ్రతుకునది ఒక అంటు. తాకుటచే చెడుదుమని భయపడునది మఱొక అంటు. ఈ రెండింటిలో ప్రకృతి దేనిని సమర్థించుచున్నది? మా మేడమీది ఒక ఎఱ్ఱని కాక్టసు మొక్క మూలమున ఈ ప్రశ్న మాకు కలిగినది. ఆ మొక్క కథతోనే ఈ ప్రసంగము ప్రారంభించుచున్నాము.

పట్టణములలోని నర్సరీలలో అరచేతిలో పట్టునంత కుండీలలో ఆ మొక్కను అమ్ముచుందురు. మూడు పలకల పచ్చని కాడ, దాని కొనపై నిమ్మకాయంత ఎఱ్ఱని ముద్ద. కొన్నింటిలో ముద్ద పసుపుపచ్చగాను, నారింజవన్నెగాను ఉండును. మూన్ కాక్టస్ అని దాని వాడుక పేరు. కొనువారిలో పెక్కుమంది ఆ ఎఱ్ఱని ముద్దను పువ్వని తలంతురు. మేమును మొదట అట్లే తలంచితిమి. అది పువ్వు కాదు. అది వేరొక మొక్క. క్రింది పచ్చని కాడ ఒక జాతి. పైనున్న ఎఱ్ఱని ముద్ద మఱొక జాతి. రెండింటిని కోసి, కోతముఖములను కలిపి అంటుకట్టినారు.

క్రింది కాడ మనకు తెలియనిది కాదు. డ్రాగన్ ఫ్రూట్ అను పేర అంగళ్లలో అమ్ముచున్న పండ్లను కాయు తీగయే అది. తెలంగాణములోను ఆంధ్రప్రదేశ్‌లోను రైతులు దానిని సిమెంటు స్తంభములకు ప్రాకించి పండించుచున్నారు. పై ముద్ద పూర్వులది దక్షిణ అమెరికాలోని పరాగ్వే ప్రాంతము. శాస్త్రజ్ఞులు ఆ జాతిని జిమ్నోకాలీసియం మిహానొవిచి అందురు. సహజముగా అది ఎఱ్ఱనిది కాదు. ఆకుపచ్చ, గోధుమ వన్నెలు కలిసిన మొక్క. 1940వ దశకపు తొలిరోజులలో జపానులో ఒక పెంపకందారు వేలకొలది విత్తనములు మొలకెత్తించుచుండగా, వానిలో ఒకటి రెండు మొలకలు ఎఱ్ఱగా కనబడినవి.

ఆ మొలకలలో పత్రహరితము లేదు. ఎండను ఆహారముగా మార్చుకొను శక్తి వానికి లేదు. తల్లి విత్తనములో కట్టి పంపిన చద్దిమూట తీరినంతనే అవి చావవలసినవే. పెంపకందారు వానిని కోసి, ఆరోగ్యముగా నున్న పచ్చని కాడలపై నిలిపెను. అవి బ్రతికినవి, పిలకలు పెట్టినవి. ఈనాడు కిటికీలలో కనబడు ఎఱ్ఱని మూన్ కాక్టసులన్నియు అట్టి అంటుచేతనే ప్రాణము నిలుపుకొనుచున్నవి. తనదంటూ అన్నము వండుకొనలేని జీవి, ఇతరుని స్పర్శచే జీవించుచున్నది.

గత వర్షాకాలమున మా మొక్కకు ఆపద వచ్చినది. వారము దినములు విడువక ముసురు పట్టుటచే కుండీలో నీరు నిలిచి క్రింది కాడ కుళ్లినది. ఒకనాటి ఉదయమున చూడగా కాడ మెత్తబడి ప్రక్కకు వ్రాలియున్నది. కుళ్లు ఇంకను ఎఱ్ఱని ముద్దకు ప్రాకలేదు. మా చిన్నమ్మాయి ఆ మొక్కను ముద్దుపేరు పెట్టి పెంచుకొనుచున్నది. ఆమె బడినుండి వచ్చులోపల దానిని బ్రతికింపవలెనను తొందర మాకు కలిగినది. సమీపముననే ఒక ఖాళీ స్థలమునకు బొమ్మజెముడు కంచె కలదు. ముండ్లున్నవి, పలకలున్నవి, ఆకులు లేవు. ఇది కాక్టసు కాక మఱేమగునని ఒక ముక్క కోసి తెచ్చితిమి. కోసినచోట తెల్లని పాలు బొటబొట కారినవి. వానిని తుడిచి, ఎఱ్ఱని ముద్దను పైన పెట్టి, రబ్బరు బ్యాండ్లతో బిగించితిమి. మూడవనాడు బ్యాండ్లు సడలింపగా ముద్ద చేతిలోనికి ఊడివచ్చినది. దాని అడుగు నల్లబడియున్నది.

మొక్కను కొన్న నర్సరీలోని వృద్ధుడైన తోటమాలికి దానిని చూపితిమి. ఆయన చేతిలో త్రిప్పి చూచి నవ్వి, "పాలున్న జెముడుకి నీళ్లున్న జెముడు అంటదండీ బాబూ. పైన ఇంకా పచ్చిగానే ఉంది. నల్లదంతా చెక్కేసి డ్రాగన్ కాడ మీద పెట్టండి" అనెను. కాడను కూడ తానే కోసి యిచ్చెను.

ఆయన పలికిన మొదటి వాక్యములో వృక్షశాస్త్రములోని ఒక అధ్యాయమున్నది. మనము జెముడు అని ఒక్క పేర పిలుచునవి నిజమునకు రెండు వేర్వేరు కుటుంబములకు చెందినవి. బొమ్మజెముడు, కాడజెముడు యూఫోర్బియా జాతులు. ఆముదపు చెట్టును కఱ్ఱపెండలమును వాని జ్ఞాతులు. నాగజెముడు మాత్రము నిజమైన కాక్టసు. అది అమెరికా ఖండమునుండి మన దేశమునకు వచ్చినది. కాక్టసుల జ్ఞాతులను వెదకుటకు ఎడారికి పోనక్కరలేదు, వంటింటిలోనే ఉన్నవి. గంగవావిలి కూర, బచ్చలి, వానికంటె కొంత దూరముగా తోటకూర, బీట్‌రూట్. ఎఱ్ఱ తోటకూర ఉడికించిన నీటికి వచ్చు వన్నె, బచ్చలిపండు చిదిమిన వ్రేళ్లకు అంటు వన్నె, మా మూన్ కాక్టసు వన్నె, ఇవన్నియు బీటలెయిన్లు అను ఒకే తెగ వర్ణద్రవ్యములవలన కలిగినవి. మందారమునకు ఎఱుపునిచ్చు ద్రవ్యము వేఱు.

మఱి కాక్టసునకు బొమ్మజెముడునకు అంత పోలిక ఎట్లు వచ్చినది? ఒక వంశము అమెరికా ఖండపు ఎండభూములలోను, మఱొక వంశము ఆఫ్రికా ఆసియా ఖండముల ఎండభూములలోను ఒకే కఱవును ఎదుర్కొన్నవి. ఒకే ఉపాయమును కనుగొన్నవి. ఆకులను విడిచి, కాండమున నీరు దాచి, ఆ నీటిని కాపాడుటకు ముండ్లు తొడిగినవి. వాని పూర్వులు విడిపోయి పదికోట్ల సంవత్సరములకు పైబడినది. బ్రతుకుతెరువు ఒకటగుటచే ముఖము ఒకటైనది, అంతియే. ముఖము చూచి చుట్టరికము కలిపిన మేము మోసపోతిమి. ఇందుకు మాఱుగా గంగవావిలి కూరను చూచి కాక్టసును తలంచువారెవ్వరు? చుట్టరికము పైకి కనబడునది కాదు, లోపల వెదకవలసినది.

మీరును పొరపడకుండుటకు రెండు గుర్తులు చెప్పెదము. కోసినచో పాలు కారినయెడల అది యూఫోర్బియా, పలుచని జిగురునీరు వచ్చినయెడల కాక్టసు. కాక్టసు ముండ్లు దూది ఉండవంటి చిన్న మెత్తనుండి గుత్తిగా వెలువడును. యూఫోర్బియాకు అట్టి మెత్త ఉండదు. జెముడు పాలు కంటబడినచో చూపునకే ముప్పు. పిల్లలచే దానిని కోయింపరాదు.

ఇక అంటుకట్టు విధము. పరికరములు స్వల్పము: క్రొత్త బ్లేడు ఒకటి, స్పిరిటు తడిపిన దూది, నాలుగు రబ్బరు బ్యాండ్లు. మొక్క చురుకుగా ఎదుగు కాలమున, వాన లేని పొడి దినమును ఎన్నుకొనవలెను. అడుగు కాడను బెత్తెడు ఎత్తున అడ్డముగా ఒక్క కోతతో కోయవలెను. రంపమువలె అటునిటు లాగినచో కణములు నలిగిపోవును. తరువాత పలకల అంచులను పెన్సిలు చెక్కినట్లు ఏటవాలుగా చెక్కవలెను. ఏలయనగా, కోత ఆరునప్పుడు మెత్తని నడిమి భాగము క్రుంగును, గట్టి అంచులు నిలిచియుండును. అంచులను చెక్కనియెడల అవి పై ముక్కను ఎత్తివేసి నడుమ సందు చేయును.

కోతముఖమును తేఱిపాఱ చూచినచో నడుమ లేతవన్నె వలయమొకటి కనబడును. వేరునుండి నీరు పైకి పోవు గొట్టములు, ఆహారము క్రిందికి దిగు గొట్టములు ఆ వలయమున ఉన్నవి. పై ముద్ద అడుగును కోసినను అట్టి వలయమే కనబడును. ఈ రెండు వలయములు ఒకటి రెండు చోట్లనైనను ఒకదానినొకటి దాటునట్లు పెట్టుటలోనే ఈ విద్య యంతయు ఉన్నది. ఒకటి పెద్దదియు మఱొకటి చిన్నదియు ఐనప్పుడు, అందముకొఱకు సరిగా నడుమ పెట్టినయెడల, చిన్నది పెద్దదానిలో ఒదిగి రెండును తాకకయే పోవును. అట్టియెడ కొంచెము ప్రక్కకు జరిపి పెట్టవలెను. చూచుటకు వంకరగా నుండును, కాని బ్రతుకును. ముద్దను మెల్లగా ఒత్తి గాలిబుడగలను వెడలగొట్టి, కుండీ అడుగునుండి ముద్ద మీదుగా బ్యాండ్లను శిలువవలె వేయవలెను. తరువాత నీడన ఉంచి, కోతపై నీటిచుక్క పడకుండ పది పండ్రెండు దినములు కాపాడవలెను.

ఆ దినములలో లోపల ఏమి జరుగును? కోతచే చచ్చిన కణములు పలుచని పొరగా ఎండును. దాని వెనుక సజీవముగానున్న కణములు రెండు వైపులనుండియు విభజన మొందుచు, ఇంకను ఏ పనికిని నియమింపబడని మెత్తని కణజాలమును నిర్మించును. దీనిని కాలస్ అందురు. రెండు వైపుల కాలస్ ఆ చచ్చిన పొరను ఛేదించుకొని కలిసికొనును. తరువాత ఆ క్రొత్త కణములలో కొన్ని రూపము మార్చుకొని, గొట్టములై, క్రింది నాళములను పై నాళములతో కలుపును. ఆనాటినుండి క్రింది వేరు త్రాగిన నీరు పై ముద్దకు అందును. క్రింది కాడ ఎండలో వండిన చక్కెర పై ముద్దకు అన్నమగును. సాధారణముగా ఒకే కుటుంబపు మొక్కల నడుమనే ఇది సాధ్యము. ఇందుకును మినహాయింపులు కలవు. పొగాకు వర్గపు మొక్కలు ఎంతో దూరపు కుటుంబములవానితో కూడ కణజాలమును అతుకుకొనగలవని 2020లో జపానులోని నగోయా శాస్త్రజ్ఞులు వెల్లడించినారు.

పదునొకండవనాడు మేము బ్యాండ్లు విప్పితిమి. ముద్దను వ్రేలితో మెల్లగా నెట్టి చూచితిమి. కదలలేదు. నెలనాళ్లకు దాని ప్రక్కన మినపగింజంత ఎఱ్ఱని పిలక లేచినది. ఆనాడు మా అమ్మాయి, "నాన్నా, ఇది ఒక మొక్కా, రెండు మొక్కలా?" అని అడిగినది.

పసిప్రశ్నవలె కనబడుచున్నది గాని, ఈ ప్రశ్నతో శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పైగా పెనగులాడినారు. సామాన్యమైన సమాధానము, రెండు మొక్కలు అని. నీరును అన్నమును పంచుకొన్నను వారసత్వము కలియదు. ఎఱ్ఱని ముద్దకు ఎఱ్ఱని పిలకయే లేచినది; క్రింది కాడ చిగిర్చినచో డ్రాగన్ తీగయే వచ్చును. బంగినపల్లి కొమ్మను ఏ నాటుమామిడి మొదలుపై కట్టినను పైకొమ్మ కాయునది బంగినపల్లియే. అంటుమామిడి తోటలోని చెట్లన్నియు ఏనాటిదో ఒక్క చెట్టు యొక్క శరీరపు ముక్కలే.

కాని తోటమాలులకు అప్పుడప్పుడు వింతలు కనబడుచుండెను. 1825లో పారిసు సమీపమున ఆడమ్ అను తోటవాని నర్సరీలో లాబర్నమ్ చెట్టుపై వేరొక పొదమొక్కను అంటుకట్టగా, అతుకునుండి లేచిన కొమ్మ రెండింటి లక్షణములను కనబఱచినది. డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథమున దీనిని చర్చించి, అంటువలన కూడ సంకరజాతి పుట్టవచ్చునేమో యని తలంచెను. 1907లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హాన్స్ వింక్లర్ టమాటాను దాని జ్ఞాతియైన మఱొక మొక్కతో అంటుకట్టి అట్టి కొమ్మలను పుట్టించి, వానికి కైమీరా అని పేరిడెను. కొలది కాలములోనే ఎర్విన్ బౌర్ మర్మము విప్పెను. అట్టి కొమ్మలో కణములు కలిసిపోలేదు. ఒక జాతి కణములు పై చర్మముగాను, మఱొక జాతి కణములు లోపలి దేహముగాను పొరలు పొరలుగా అమరినవి. ఒక దుప్పటి కప్పుకొన్న ఇద్దరివంటివి. కాక్టసు అంటులలోను ఇట్టి కైమీరాలు అరుదుగా పుట్టుచుండును.

ఈ విషయమున శాస్త్రము ఒకప్పుడు రాజకీయమునకు బలియైనది. సోవియట్ దేశమున లైసెంకో అనునతడు, అంటుకట్టుటచే మొక్క వారసత్వమునే మార్చవచ్చునని చాటి, జన్యుశాస్త్రమును అణచివేసెను. ప్రపంచమంతట తిరిగి పంటల విత్తనములను సేకరించిన మహాశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వవిలోవ్ 1943లో సారాతోవ్ చెఱసాలలో మరణించెను. 1948లో ప్రభుత్వము లైసెంకో వాదమునే అధికార సిద్ధాంతముగా నిలిపినది. 1960వ దశకపు నడుమ గాని అతని పెత్తనము తొలగలేదు.

2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన సాండ్రా స్టెగెమాన్, రాల్ఫ్ బోక్ అను శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కల అంటును పరీక్షించి, అతుకుచోట ఒక మొక్క కణములనుండి మఱొక మొక్క కణములలోనికి జన్యుసంపద దాటుచున్నదని నిరూపించినారు. 2014లో బోక్ బృందము అట్టి అతుకునుండి రెండు పొగాకు జాతుల జన్యుసంపద యంతయు కూడిన క్రొత్త మొక్కనే పుట్టించినది. దీనిచే లైసెంకో గెలిచినట్లు కాదు. ఈ మార్పిడి అతుకునందలి కణములలోనే కనబడినది. అంటిన కొమ్మ యంతయు మాఱిపోదు. కాని రెండు వంశముల నడుమ గోడ అభేద్యమనుకొన్నచోట, కోత పడిన స్థలమున ఒక చిన్న కిటికీ ఉన్నదని తెలిసినది. కావున మా అమ్మాయికి మేమిచ్చిన సమాధానము: "రెండు మొక్కలే. కాని అతుకు దగ్గర మాత్రము ఏది ఎవరిదో చెప్పుట కష్టము."

ఇప్పుడు మొక్కనుండి మనుష్యునివైపు తిరుగుదము. దారి చూపునది మన భాషయే. తరతరముల చుట్టరికమును మనము వంశవృక్షము అందుము. డార్విన్ కూడ 1837లో తన చేతిపుస్తకమున జీవుల పుట్టుకను కొమ్మలు చీలు చెట్టుగా గీసెను. చెట్టు బొమ్మలో ఒక నియమమున్నది: చీలిన కొమ్మ మరల కలియదు. మానవజాతి చరిత్రను కూడ చాలకాలము అట్లే గీసినారు. మన జాతి ఎముకలలో ఇప్పటికి దొరికిన మిక్కిలి ప్రాచీనములు మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ వద్దివి; వాని వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరములని 2017లో ప్రకటించినారు. 1856లో జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన ఎముకలవలన వెలుగునకు వచ్చిన నియాండర్తాలులది మఱొక కొమ్మ. సుమారు 40 వేల సంవత్సరముల క్రిందట ఆ కొమ్మ ఎండిపోయినది. దానితో మనకు సంబంధము తీరినదని పెక్కుమంది తలంచిరి.

2010లో ఆ చిత్రము మాఱినది. స్వాంటె పాబో నాయకత్వమున శాస్త్రజ్ఞులు ప్రాచీన ఎముకల పొడినుండి నియాండర్తాలు డి.ఎన్.ఏ.ను వెలికితీసి చదివిరి. ఆఫ్రికా వెలుపలి జనులందఱిలోను నూటికి ఒకటి రెండు పాళ్లు నియాండర్తాలు వారసత్వమున్నదని, ఆఫ్రికా జనులలో అంతకంటె తక్కువయని ఇప్పుడు తేలినది. ఆ సంవత్సరమే సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఒక చిటికెనవ్రేలి ఎముకముక్కనుండి, అంతవఱకు పేరైనను వినని మఱొక మానవశాఖ బయటపడినది. 2018లో అదే గుహనుండి ఇంకొక ఎముకముక్క చదువగా, అది సుమారు 90 వేల ఏండ్ల క్రిందటి ఒక బాలికదని, ఆమె తల్లి నియాండర్తాలు, తండ్రి డెనిసోవా శాఖవాడని తెలిసినది. పాబోకు 2022లో నోబెల్ బహుమానము లభించినది.

ఇచట పోలికకు హద్దు చెప్పుట మా ధర్మము. అంటులో దేహములు కలియును, వారసత్వము వేఱుగా నుండును. మనుష్యులలో జరిగినది అది కాదు. స్త్రీపురుషుల కలయికచే బిడ్డలు పుట్టి వారసత్వములే కలిసినవి. కాని వంశవృక్షపు బొమ్మ విషయమున రెండును ఒకే పాఠము చెప్పుచున్నవి: విడిపోయిన కొమ్మలు మరల తాకినవి, తాకినచోట క్రొత్త బ్రతుకు చిగిర్చినది.

ఆ స్పర్శ ఫలము పూర్వకథ మాత్రమే కాదు. టిబెట్టువాసులు పలుచని గాలిలో సుఖముగా నుండుటకు తోడ్పడు జన్యురూపము డెనిసోవా శాఖనుండి సంక్రమించినదని 2014లో తేలినది. 2020లో కోవిడ్ వ్యాధి ముదురుటకు దోహదము చేయు ఒక జన్యుఖండము, మన మూడవ క్రోమోజోము మీదిది, నియాండర్తాలులనుండి వచ్చినదని పాబోయు హ్యూగో జెబర్గును వెల్లడించినారు. దక్షిణాసియాలో సుమారు సగము మంది దానిని ధరించియున్నారు. మరుసటి సంవత్సరమే, ఆ వ్యాధినుండి కొంత రక్షణనిచ్చు వేరొక ఖండమును నియాండర్తాలులనుండియే వచ్చినదని తెలిసినది. పూర్వుల ఆస్తిలో బంగారమును ఉండును, అప్పును ఉండును.

మన దేశపు మాటకు వత్తము. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అనగా కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, ఈ పరిశోధనలో ముందున్నది. అందలి శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ మున్నగువారు 2009లో ఒక విషయము ప్రకటించిరి. నేటి భారతీయ జనవర్గములలో అత్యధికము, ఏ కులమైనను ఏ ప్రాంతమైనను, ప్రాచీనమైన రెండు జనసమూహముల కలయికచే ఏర్పడినవే. పాళ్లు మాత్రమే ఎక్కువతక్కువలు. ఆ కలయిక ముఖ్యముగా సుమారు 4,200 ఏండ్ల క్రిందటినుండి 1,900 ఏండ్ల క్రిందటివఱకు జరిగినదని 2013లో లెక్కకట్టిరి. అటుపిమ్మట తలుపులు మూసికొన్నాము. ఎవరి వర్గములో వారు పెండ్లిచేసికొను ఆచారము బిగిసినది. తానెన్నడును అంటు లేనివాడనని చెప్పుకొను ప్రతి వంశమును ఆ తలుపు మూయకముందు కలిసిన వంశమే.

మూసిన తలుపునకు వెల కూడ చెల్లించితిమి. దక్షిణాసియాలోని 263 జనవర్గములను పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితములలో, 81 వర్గములు కొద్దిమంది మూలపురుషులనుండియే విస్తరించినవని తేలినది. అట్టిచోట తల్లిదండ్రులిద్దఱిలో ఒకే లోపము దాగియుండి, బిడ్డలో వ్యాధిగా బయటపడు అవకాశము పెరుగును. ఈ జ్ఞానము ఎవరిని నిందించుటకు కాదు. ముందుగా పరీక్ష చేయించుకొని, పుట్టబోవు బిడ్డను కాపాడుకొనుటకు.

ఇక రంగు సంగతి. మూన్ కాక్టసు ఎఱ్ఱదనము వింతగా తోచును గాని, దాని లోపలి నిర్మాణమంతయు పచ్చని తోబుట్టువులదే. మాఱినది వన్నె, దానితోపాటు అన్నము వండుకొను శక్తి. మనుష్యుల చర్మపు వన్నె మార్పుచే అట్టి నష్టమును లేదు. తెల్లదనమునకు తోడ్పడు ఒక ముఖ్య జన్యుమార్పును 2005లో జీబ్రాచేపల సహాయముతో కనుగొనిరి. ఒక్క అక్షరపు తేడా అది. 2013లో సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును పాల్గొన్న పరిశోధనలో, ఐరోపావారిలోను భారతీయులలోను ఉన్న ఆ మార్పు ఒకే మూలమునుండి వచ్చినదని తేలినది. ముఖము చూచి బొమ్మజెముడును కాక్టసనుకొన్న మా పొరపాటునకును, వన్నె చూచి మనుష్యులను జాతులుగా విడదీసిన లోకపు పొరపాటునకును తేడా, మా పొరపాటు మూడు దినములలో బయటపడుటయే.

మా మేడమీది మొక్క ఇప్పుడు కుశలముగా ఉన్నది. రెండవ పిలక కూడ లేచినది. పిలకను వేరుచేసి ఇంకొక కాడపై కట్టవలెనని మా అమ్మాయి కోరిక. ఈ మాఱు బ్లేడు పట్టునది మేము, బ్యాండ్లు వేయునది ఆమె. మీ యింట డ్రాగన్ తీగ ఉన్నచో ఒక కాడ కోసి వేళ్లు పట్టించి సిద్ధముగా నుంచుడు. అంటుకట్టుట కష్టమైన విద్య కాదు. రెండు కోతముఖములను ఒకదానికొకటి చూపి, వలయములు తాకునట్లు పెట్టి, ఓపికతో ఎదురుచూచుటయే. పదియు పండ్రెండును దినముల పిదప మీ వ్రేలితో నెట్టినను ఆ ముద్ద కదలనప్పుడు, అంటు అను మాటలోని రెండు అర్థములలో ఏది ఇంట నిలుపుకొనదగినదో మీకే తెలియును.